పలకరింపు మీద విచారణ

మా ఆయన పోయిన తర్వాత నాకు ఒక చోట కూర్చోవడం చేతకాకుండా పోయింది. అవనిగడ్డలో మా అత్తవారింట్లో, పెద్దకర్మ అయ్యేదాకా, వచ్చినవాళ్ల ముందు కూర్చోవాలి. కూర్చునేదాన్ని. అంతలోనే లేచి వంటింట్లోకి వెళ్లి, ఎందుకొచ్చానో తెలియక మళ్లీ వరండాలోకి వచ్చేదాన్ని. ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేవారు. చావు గురించి పుస్తకాల్లో చదివిన మంచి వాక్యాలు చాలానే గుర్తున్నాయి. ఒక్కటీ పనికిరాలేదు.

మా వైపు పలకరింపుకు వచ్చినవాళ్లు ఊరికే కూర్చుని వెళ్లరు. "ఎలా జరిగిందమ్మా?" అని అడుగుతారు. చెప్పాలి. ఇంకొకరు వస్తారు, మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. మొదట్లో నేనే చెప్పాను. తర్వాత నావల్ల కాలేదు. అప్పటి నుంచి మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, నా బదులు చెప్పడం మొదలుపెట్టారు.

ఆయన ఆ రోజు ఆస్పత్రిలో లేరు. నా నోట విన్నదే చెప్పేవారు. చెప్పగా చెప్పగా అది కురచైపోయింది. ముందు "డాక్టరు ఫోన్లో చెప్పాడట, ఆ నర్సమ్మాయి ఇంజక్షన్ వేసిందట, ఆయాసం ఎక్కువైందట" అనేవారు. కొన్నాళ్లకి "నర్సు ఇంజక్షన్ వేసింది, మనిషి పోయాడు" అన్నారు. ఫోను మధ్యలో ఎక్కడో జారిపోయింది. ఎవరూ కావాలని తీసేయలేదు. వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పాల్సిన మాట పొట్టిగా ఉంటేనే నోటికి పట్టుబడుతుంది.

జరిగింది ఇది. మాది బందరు. నేను అక్కడ హైస్కూల్లో తెలుగు చెప్తాను. మా ఆయన గుడివాడలో బ్యాంకులో పనిచేసేవారు, రోజూ రైల్లో వెళ్లొచ్చేవారు. జ్వరంతోనే ఆఫీసుకి వెళ్లి, ఆయాసం వచ్చి కూలబడితే, తోటివాళ్లు దగ్గర్లో ఉన్న ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చారు. నేను వెళ్లి పక్కనే ఉన్నాను. ఆ అంతస్తు మొత్తానికి పగలు ఒకే నర్సు. మధ్యాహ్నం ఛాతీలో నొప్పి అని ఆయన మెలికలు తిరుగుతుంటే ఆ అమ్మాయి తన సెల్‌ఫోన్‌తో డాక్టరుకి ఫోన్ చేసింది. చేసి, స్పీకర్ పెట్టింది.

"మీరూ వినండమ్మా. అటెండెంటు వినేట్టే పెడతాను నేనెప్పుడూ," అంది.

డాక్టరు ఒక ఇంజక్షన్ పేరు చెప్పాడు. ఆ అమ్మాయి పేరూ డోసూ తిరిగి చదివినట్టు చెప్పి, "సార్, పేషెంటుకి ఆయాసంగా ఉంది సార్. ఒకసారి వచ్చి చూస్తారా?" అంది.

"ఓపీ నిండా జనం ఉన్నారమ్మా. నేను చెప్పింది వెయ్యి. వస్తున్నా."

నేను కింద మందుల షాపులో కొని తెచ్చిచ్చాను. ఆ అమ్మాయి వేసింది. నొప్పి తగ్గింది. ఆయన కళ్లు మూసుకున్నారు. తర్వాత ఊపిరి తీరు మారింది. ఆ అమ్మాయి మళ్లీ ఫోన్ చేస్తే డాక్టరు ఎత్తలేదు. ఆక్సిజన్ పెడుతూ, "నేను మంచం వదిలి రాకూడదమ్మా, మీరే వెళ్లి సార్‌ని లాక్కురండి," అంది. నేను పరుగెత్తాను. డాక్టరుని తీసుకుని పైకి వచ్చేసరికి ఆయన లేరు.

ఆ ఇంజక్షన్ వల్లే పోయారా, దానితో సంబంధం లేకుండా పోయారా, నాకు ఈరోజుకీ తెలియదు. తెలుసుకోవాలని చాలా చదివాను. చదివిన కొద్దీ ఒక పేజీ అవునని, ఇంకో పేజీ కాదని చెప్పింది.

పెద్దకర్మకి ముందురోజు ఆ అమ్మాయి అవనిగడ్డ వచ్చింది. గుడివాడ నుంచి బస్సులు మారి వచ్చినట్టుంది. యూనిఫాం లేకపోతే నేను వెంటనే గుర్తుపట్టలేదు. వచ్చి కింద కూర్చుని నా కాళ్లు పట్టుకుని ఏడ్చింది. కాసేపటికి ముఖం తుడుచుకుని, "ఆఖర్లో ఆయనా..." అంటూ మొదలుపెట్టింది. అప్పుడే పెరట్లోంచి బావగారు వచ్చారు.

"ఎవరమ్మా నువ్వు?"

"గుడివాడ ఆస్పత్రిలో సిస్టర్నండి."

బావగారి ముఖం మారిపోయింది. "ఇంజక్షన్ పొడిచింది నువ్వేనా? ఇప్పుడొచ్చి కాళ్లు పట్టుకుంటే మా తమ్ముడు లేచొస్తాడా?"

ఆ అమ్మాయి లేచింది. మా ఇళ్లల్లో పలకరింపుకొచ్చినవాళ్లు వెళ్లొస్తానని చెప్పరు. ఆ అమ్మాయీ చెప్పలేదు. గుమ్మం దిగి వెళ్లిపోయింది.

ఆ తర్వాత వారంలోనే బావగారు ఇద్దరు పెద్దమనుషుల్ని తీసుకుని గుడివాడ వెళ్లారు. గొడవ చేయడానికి కాదు, అడగడానికే వెళ్లానన్నారు. మేనేజ్‌మెంటు వాళ్లు ఏసీ గదిలో కూర్చోబెట్టి, చెప్పింది అంతా విన్నారట. "తప్పు చేసి మా ఇంటికొచ్చి కాళ్లు పట్టుకుంది, ఊరంతా చూశారు," అని ఈయన చెబితే, ఆ మాటే కాగితం మీద పెట్టి ఇమ్మన్నారట. పెట్టి ఇచ్చారు. ఆ అమ్మాయిని సస్పెండ్ చేశారు. డాక్టరు చెప్పకుండా ఇంజక్షన్ వేయడం ఒక నేరం. అనుమతి లేకుండా పేషెంటు ఇంటికి వెళ్లి తప్పు ఒప్పుకోవడం రెండో నేరం. విచారణకు నన్ను సాక్షిగా రమ్మని రాశారు. మేనేజ్‌మెంటు తరఫు సాక్షి.

ఆ ఉత్తరం వచ్చేనాటికి నేను బందరు తిరిగొచ్చి స్కూలుకి వెళ్తున్నాను. పాఠం చెప్తూ చెప్తూ గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేదాన్ని. పిల్లలు తలలు అటూ ఇటూ తిప్పలేక అలిసిపోయేవారు. ఉత్తరం తీసుకుని మా వీధిలోనే ఉండే అడ్వకేటు గారింటికి వెళ్లాను. ఆవిడ చదివి, కళ్లద్దాలు తీసి పెట్టింది.

"టీచరుగారూ, పనిలో ఉన్న మనిషి పనిలో తప్పు చేస్తే ఆస్పత్రి కూడా జవాబు చెప్పుకోవాలి. డాక్టరు చెబితే వేసిందనుకోండి, డాక్టరూ ఆస్పత్రీ ఇద్దరూ కేసులోకొస్తారు. తనకు తోచి వేసిందనుకోండి, మాట వినని మనిషని చెప్పి ఈ పిల్ల నెత్తిన పెట్టి చేతులు దులుపుకోవచ్చని వాళ్ల ఎత్తు."

"ఫోన్లో చెప్పాడు కదండీ."

"ఫోన్లో చెప్పింది నర్సు వెంటనే కేస్ షీట్లో రాసుకోవాలి. డాక్టరు వచ్చాక దానికింద సంతకం పెట్టాలి. ఆ పిల్ల రాసే ఉంటుంది. మనిషి పోయాక ఏ డాక్టరు సంతకం పెడతాడండీ? ఫోన్ చేసినట్టు రుజువుంటుంది. ఏం మాట్లాడారో ఉండదు. ఆ మాట విన్నది మీరొక్కరే."

"నేను వెళ్లకపోతే?"

"వాళ్ల విచారణకి వెళ్లి తీరాలని మిమ్మల్నెవరూ బలవంతపెట్టలేరు. వెళ్లకపోతే మీ బావగారు రాసిచ్చిందే మిగులుతుంది. దాంతో డిస్మిస్ చేసి నర్సింగ్ కౌన్సిలుకి ఫిర్యాదు పంపారంటే రిజిస్ట్రేషనుకే ఎసరు. ఇంక ఆ పిల్ల ఎక్కడా సూది పట్టుకోలేదు. చేరినప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకునుంటారు కూడా."

"అలా పెట్టుకోవచ్చా?"

"పెట్టుకోకూడదు. పెట్టుకుంటారు."

లేచి గుమ్మం దాకా వచ్చాక ఆవిడ వెనక్కి పిలిచింది. "ఇంకో మాట. అక్కడికి వెళ్లేదాకా ఆ అమ్మాయితో మాట్లాడకండి. కూడబలుక్కున్నారంటారు. మీ సాక్ష్యానికి విలువ పోతుంది."

ఆ అమ్మాయి 'ఆఖర్లో ఆయనా' అని ఆగిపోయింది. నేను మెట్లు దిగి వెళ్లిన తర్వాత ఆ గదిలో ఆయనతో ఉన్నది తనొక్కతే. ఫోన్ చేసి అడిగితే ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. నెంబరు సంపాదించడం కూడా కష్టం కాదు. ఆ రోజుల్లో ఇంట్లో ఫోను ఉన్న గదిలో నేను ఉండేదాన్ని కాదు. స్కూలు అయిపోయాక కోనేరు సెంటర్ దాకా నడిచి వెళ్లి, ఏమీ కొనకుండా తిరిగొచ్చేదాన్ని.

బావగారు ఫోన్ చేశారు. "నేనూ గుడివాడ వస్తానమ్మా. నువ్వేం భయపడకు. కాళ్లు పట్టుకుందా అంటే పట్టుకుందని చెప్పు, చాలు. అబద్ధం చెప్పమనట్లేదుగా నిన్ను."

"ఫోన్లో డాక్టరే చెప్పాడు బావగారూ."

"నాకు చెప్పింది నువ్వే కదమ్మా. కాదన్నానా? కానీ వేసిన చెయ్యి ఎవరిది?"

ఆయనే మళ్లీ అన్నారు: "వాడు నాకంటే చిన్నవాడమ్మా. ఎవర్నీ ఒక్క మాట అనకుండా వాణ్ణి ఎలా పంపించను?"

ఆయనది దొంగ ఏడుపు కాదు. అందుకే నాకు ఆయన మీద కోపం నిలిచేది కాదు. కోపం నిలవకపోతే మనిషికి ఇంక నిలకడ ఉండదు.

విచారణ రోజు నేను మా ఆయన వెళ్లే రైలే ఎక్కాను. సీటు దొరికింది. పెడన దాకా కూర్చున్నాను. తర్వాత లేచి తలుపు దగ్గర నిలబడ్డాను. కవుతరం, గుడ్లవల్లేరు. ఒకాయన, "కూర్చోండమ్మా, సీటుంది," అని రెండుసార్లు చెప్పి, చివరికి ఆ సీట్లో తన సంచి పెట్టుకున్నాడు. అవనిగడ్డ నుంచి బస్సులో వచ్చిన బావగారు గుడివాడ స్టేషను బయట నాకోసం నిలబడి ఉన్నారు. ఇద్దరం ఆటోలో వెళ్లాం.

ఆస్పత్రి పై అంతస్తులో ఒక గది. గోడకి విరిగిన మంచాలు ఆనించి ఉన్నాయి. టేబుల్ వెనక విచారణాధికారి, రిటైరైన ప్లీడరు, నెమ్మదైన మనిషి. పక్కన టైపు చేసే ఆవిడ. ఒకవైపు ఆస్పత్రి మేనేజరు. ఎదురుగా ఆ అమ్మాయి. సాయానికి తోటి ఉద్యోగిని ఒకరిని తెచ్చుకోవచ్చని చెప్పారట. ఆ అమ్మాయి పక్క కుర్చీ ఖాళీగా ఉంది. మిగతా నర్సుల సర్టిఫికెట్లూ అదే బీరువాలో ఉన్నాయి మరి. బావగారు ఫిర్యాదిచ్చినవారు కాబట్టి ఆయన్ని వెనక బెంచీ మీద కూర్చోనిచ్చారు.

మేనేజరు అడిగాడు. "ఈవిడ మీ ఇంటికి వచ్చిందాండీ?"

"వచ్చింది."

"మీ కాళ్లు పట్టుకుందా?"

"పట్టుకుంది."

"ఏడ్చిందా?"

"ఏడ్చింది. కానీ అండీ, ఆ రోజు ఫోన్లో..."

"అడిగినదానికే చెప్పండమ్మా," అన్నారు అధికారి, మర్యాదగానే.

"అంతే సార్," అని మేనేజరు కూర్చున్నాడు. నేను చెప్పినవన్నీ నిజాలే. ఆ నిజాలు ఆ అమ్మాయి ఉద్యోగం తీసేయడానికి సరిపోతాయని ఆ గదిలో అందరికీ అర్థమైంది.

అధికారి ఆ అమ్మాయి వైపు తిరిగారు. "సాక్షిని నువ్వేమైనా అడుగుతావా?"

ఆ అమ్మాయి నిలబడింది. "సార్, ఆ రోజు పొద్దున్నుంచీ నేనొక్కదాన్నే డ్యూటీలో..."

"కథ చెప్పకూడదమ్మా. ప్రశ్న అడగాలి."

కాసేపు తడుముకుంది. ఇంజక్షన్ పేరు తిరిగి చదివేటప్పుడు ఉన్న తొణకనితనం ఇప్పుడు లేదు. తర్వాత నా వైపు చూసింది. "నేను ఫోను స్పీకర్లో పెట్టానా అమ్మా?"

"పెట్టావు."

"సార్ ఏమన్నారు?"

నేను చెప్పాను. ఇంజక్షన్ పేరు చెప్పాను. ఆయాసంగా ఉందని తను చెప్పిన మాట, వచ్చి చూడమని అడిగిన మాట, ఓపీ నిండా జనం అన్న మాట, అన్నీ చెప్పాను.

మేనేజరు లేచాడు. "అంత దుఃఖంలో మాటకు మాట ఎలా గుర్తుంటుందండీ?"

"అప్పటికింకా దుఃఖం లేదండీ. ఆయన బతికే ఉన్నారు."

టైపు చేసే ఆవిడ చేతులు ఆగి, మళ్లీ కదిలాయి. ఆ అమ్మాయి తర్వాతి ప్రశ్న అడిగింది. "నేను మీ ఇంటికి ఎందుకొచ్చానమ్మా?"

"ఆవిడకెలా తెలుస్తుంది నువ్వెందుకెళ్లావో?" అన్నాడు మేనేజరు.

"తెలుసండీ. పలకరించడానికి వచ్చింది," అన్నాను.

"కాళ్లెందుకు పట్టుకుంది మరి?"

"ఆ రోజుల్లో నా కాళ్లో చేతులో పట్టుకుని ఏడవనివాళ్లు లేరండీ. పాలు పోసే ఆవిడ కూడా పట్టుకుంది. ఆవిడేం ఇంజక్షన్ వేసిందని?"

అధికారి నవ్వు ఆపుకోవడానికి గొంతు సవరించుకున్నారు. నా వెనక బెంచీ కిర్రుమంది. బావగారు కదిలారేమో. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

"అయిపోయిందా అమ్మా?" అన్నారు అధికారి.

"ఒక్కటి సార్." ఆ అమ్మాయి ఈసారి తడుముకోలేదు. ముందే సిద్ధం చేసుకున్నట్టుంది. "మీరు కిందికి వెళ్లాక ఆయన కళ్లు తెరిచి నీళ్లడిగారమ్మా. తాగించకూడదు కాబట్టి తడి దూదితో పెదాలు అద్దాను. 'ఆవిడ మెట్లు చూసుకోదు, పడుతుంది, ఎవరైనా వెనకాల వెళ్లండి' అన్నారు. ఇంకేం మాట్లాడలేదు. మీరు పైకొచ్చేసరికి మంచం మీద తడి దూది చూశారా?"

"ఇది ప్రశ్నా సార్?" అన్నాడు మేనేజరు. "కేసుకేం సంబంధం?"

అధికారి నా వైపు తిరిగారు. "చివర్న ప్రశ్న ఉందిలెండి. చూశారా అమ్మా?"

"చూశాను," అన్నాను. చూశానో లేదో అని ఒక్క క్షణం వెతుక్కున్నాను. చూశాను. దిండు పక్కన ఉంది. నేను కుర్చీలోంచి లేవబోయి, లేవకుండా ఆగాను.

టైపు చేసిన కాగితాలు నా ముందు పెట్టారు. నేను చెప్పినవి ప్రశ్నా జవాబులుగా కాకుండా కుదించి ఉన్నాయి. కాళ్లు పట్టుకున్నది పూర్తిగా ఉంది. ఫోన్ సంగతి 'ఫోన్ సంభాషణ ఏదో విన్నట్టు సాక్షి చెప్పారు' అని ఉంది.

"ఏదో కాదండీ. ఏం విన్నానో చెప్పాను."

"ఇది సారాంశమమ్మా."

"అలాగైతే కాళ్లు పట్టుకున్నది కూడా సారాంశంగానే ఉండాలి కదండీ. అది మాత్రం పొల్లు పోకుండా ఉంది."

"రైలు టైమైపోతుంది మీకు," అన్నాడు మేనేజరు.

"తర్వాత బస్సుంది."

అధికారి నన్ను చూశారు, తర్వాత కాగితం చూశారు, టైపు చేసే ఆవిడకి తిరిగి ఇచ్చారు. నేను మళ్లీ చెప్పాను. ఆవిడ మళ్లీ కొట్టింది. ఈసారి చదువుకుని సంతకం పెట్టాను. బయటికి వస్తూ ఆ అమ్మాయి వైపు చూశాను. తను టేబుల్ వైపే చూస్తోంది. ఆ గదిలో నా వైపు చూడటం తనకి మంచిది కాదని నాకు ఆలస్యంగా తట్టింది.

బస్టాండులో బావగారు నాకు టీ తెచ్చిచ్చి, తను తాగకుండా నిలబడ్డారు.

"మెట్ల సంగతి వాడు నిజంగా అనుంటాడంటావా?"

"అనుంటారు."

"మీ పెళ్లైన కొత్తలో మా డాబా మెట్ల మీద పడి చెయ్యి విరగ్గొట్టుకున్నావు. ఆ తర్వాత నువ్వు మెట్లెక్కిన ప్రతిసారీ వెనకాలే తిరిగేవాడు, వెధవ." ఆయన బస్సులొచ్చే వైపు చూశారు. "ఆ పిల్లకి ఇదంతా ఎవరు చెబుతారు? కల్పించలేదు."

"లేదు బావగారూ."

"అయితే మిగతాది కూడా కల్పించి ఉండదు." బస్సు వచ్చింది. ఎక్కబోతూ ఆయన వెనక్కి తిరిగారు. "నేను రాసిచ్చింది వెనక్కి తీసుకోవచ్చేమో మీ వీధిలో అడ్వకేటు గారిని అడిగి కనుక్కో."

కనుక్కున్నాను. వెనక్కి తీసుకున్నా విచారణ ఆగనక్కర్లేదంది అడ్వకేటు. అయినా ఆయన కొత్తగా ఇంకో కాగితం రాసి పంపారు. ఆస్పత్రి నుంచి జవాబు రాలేదు.

నెల తర్వాత తెలిసింది. డిస్మిస్ చేయలేదు. అనుమతి లేకుండా పేషెంటు ఇంటికి వెళ్లినందుకు మందలించి, ట్రైనీగా తీసుకున్న గడువు అయిపోయిందని పంపించేశారు. డిస్మిస్ చేస్తే ఇంజక్షన్ సంగతి పైకి తేవాలి. నా వాంగ్మూలం దాంతోపాటు వస్తుంది. గడువు అయిపోయిందంటే ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. కౌన్సిలుకి ఏమీ రాయలేదు. సర్టిఫికెట్లు ఇచ్చేశారు. ఇన్నేళ్లు పని చేయించుకుని ఇంకా ట్రైనీ ఏమిటని నేనంటే, "ఆ పేరు పెట్టినంత మాత్రాన ఉద్యోగి కాకుండా పోదండీ. అడిగితే కదా," అంది అడ్వకేటు.

ఆ అమ్మాయి అడిగింది. బందరులో లేబర్ ఆఫీసులో దరఖాస్తు పెట్టింది. ఈసారి నన్ను సాక్షిగా కోరింది తను. అందుకని ఇప్పుడు కూడా మేమిద్దరం మాట్లాడుకోకూడదు.

మొదటి వాయిదా రోజు ఆ ఆఫీసు వరండాలో ఒక చివర తను, ఇంకో చివర నేను. కృత్తివెన్ను వైపు ఏదో చిన్న ఆస్పత్రిలో చేరిందట, ఆ యూనిఫాంలోనే వచ్చింది. సగం రోజు పర్మిషన్ పెట్టుకుని ఉంటుంది. అడగాల్సినవి నాకు చాలా ఉన్నాయి. నీళ్లు ఎలా అడిగారు, నా పేరు పెట్టి అన్నారా, 'ఆవిడ' అనే అన్నారా, నొప్పి ఉన్నట్టు కనిపించిందా. తను ఫోన్ చూసుకుంటోంది. నేను వరండాలో అటూ ఇటూ నడిచాను, తన దాకా వెళ్లకుండా మధ్యలోనే తిరిగొస్తూ. ఆస్పత్రి తరఫువాళ్లు రాలేదు. గుమస్తా బయటికొచ్చి, వచ్చే నెలకి వాయిదా అని చెప్పాడు.

ఆ అమ్మాయి చెప్పులు వేసుకుని బస్సు కోసం గబగబా వెళ్లిపోయింది. నేను స్కూలుకి వెళ్లి, వచ్చే నెల వాయిదా రోజుకి సెలవు చీటీ రాసి హెడ్‌మాస్టరు గారికి ఇచ్చాను. "ఇంత ముందుగానా అమ్మా?" అన్నారాయన. అవునండీ అన్నాను.